చెయ్యెత్తు బావ

మా బావ జన్మలో పిస్టల్ పేల్చలేదు. పేల్చాల్సిన అవసరమూ ఆయనకి కనపడలేదు. కూతురు గచ్చిబౌలి రేంజ్‌లో ఎయిర్ పిస్టల్ నేర్చుకోడానికి చేరిన వారంలోపే ఆ విద్య మొత్తం ఆయనకి వచ్చేసింది. పిల్ల ఇంకా నేర్చుకుంటోంది.

ఇలాంటి నాన్నలు క్రికెట్ అకాడమీల దగ్గరా, చెస్ హాళ్ల బయటా మీకు తగిలే ఉంటారు. షూటింగ్ నాన్నని గుర్తుపట్టడం మరీ తేలిక. ఎదుటివాళ్ల మొహం చూడడు, మోచెయ్యి చూస్తాడు. పెళ్లి బంతిలో సాంబారు వడ్డించే కుర్రాణ్ణి ఆపి, "మణికట్టు విరిచేస్తున్నావు బాబూ! మణికట్టూ మోచెయ్యీ బిగిసి ఉండాలి, కదలికంతా భుజంలోంచి రావాలి" అన్నాడు మా బావ. ఆ కుర్రాడు ఆయన్ని దాటుకుని వెళ్లిపోయాడు. పక్కన కూర్చున్న పాపానికి నాకూ సాంబారు అందలేదు.

వాళ్లింటికి వెళ్తే కాఫీ కన్నా ముందు కిలో కందిపప్పు ప్యాకెట్ చేతిలో పెడతాడు. పిస్టల్ బరువు దాదాపు అంతే. దాన్ని ఒంటిచేత్తో, భుజం ఎత్తున చాచి పట్టుకోవాలి. రెండో చెయ్యి సాయం పట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని, మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం కొడితే లోకమంతా స్టైల్ అని మురిసిపోయింది కదా, ఆ మాటెత్తితే బావకి ఒళ్లు మండుతుంది. "స్టైలేమిటోయ్! ఆ చెయ్యి ఊగితే ఒళ్లంతా ఊగుతుంది. అందుకే పిస్టల్ వాళ్లు జేబులోనో బెల్టులోనో దాన్ని కట్టిపడేస్తారు" అంటూ చేసి చూపించబోతాడు. లుంగీకి జేబుండదు కనక కాసేపు తడుముకుని, చివరికి బొడ్డు దగ్గర దోపుకుంటాడు.

నా చెయ్యి వణకడం చూసి "వంకాయకూర కలిపే చెయ్యి" అని తేల్చేశాడు. భుజం నొప్పి బావా అన్నానా, వెంటనే హంగరీ సైనికుడు కారోయ్ టకాచ్ వచ్చేస్తాడు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోతే, ఎడమచేత్తో నేర్చుకుని 1948లోనూ 1952లోనూ ఒలింపిక్ స్వర్ణాలు కొట్టిన మహానుభావుడు. అది విన్నాక కందిపప్పు కింద పెట్టడానికి మొహం చెల్లదు.

మనిషికి విషయం మాత్రం తెలుసు. అదే మా బాధ. ఓసారి మా నాన్న, గురి అంటే అర్జునుడిదే, పిట్ట కన్ను తప్ప ఇంకేం కనపడలేదన్నాడు అన్నారు. "ఆ జవాబుతో ఎయిర్ పిస్టల్‌లో నెగ్గలేడు మామగారూ" అన్నాడు బావ. కన్ను దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. పది మీటర్ల అవతలి నల్లమచ్చ మసకబారినా సరే, చూపు మాత్రం పిస్టల్ కొసనున్న ముందు సైటు మీదే నిలవాలి. చెయ్యి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది. ముందు సైటు వెనక సైటు గాడిలో ఒక మిల్లీమీటరు తప్పిందో, అక్కడ దాదాపు మూడు సెంటీమీటర్లు పోతుంది. పది పాయింట్ల వలయమేమో అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే. "కాబట్టి వణకొచ్చు. రెండు సైట్లూ కలిసి వణకాలి, అంతే!" నాన్న చాలాసేపు ఆలోచించి, "పిట్ట మసగ్గా ఉందంటే ద్రోణుడు ఊరుకుంటాడా?" అన్నారు.

చెయ్యెత్తాక ఎనిమిది, పది సెకన్లలో షాట్ కుదరకపోతే మొండికెయ్యకుండా దించేసి మళ్లీ ఎత్తాలన్నది మరో సూత్రం. చెప్పేది బావ, పాటించాల్సింది తక్కినవాళ్లు. ఆయన ఉపన్యాసం ఎత్తుకోగానే మేనకోడలు గోడ గడియారం చూసి, "నాన్నా, పది సెకన్లు దాటింది, దించెయ్" అంటుంది.

పోటీ రోజున కోచ్ తండ్రుల్ని అద్దాల వెనక కూర్చోబెడతాడు. పిల్ల చెయ్యెత్తితే అక్కడ బావా ఎత్తుతాడు, దించితే దించుతాడు. 75 నిమిషాలు, 60 షాట్లు. రాత్రికి పిల్ల బిర్యానీ తింటూ ఉంటుంది, అక్క ఈయన భుజానికి అమృతాంజనం రాస్తూ ఉంటుంది. నవ్వుతాం గానీ, తెల్లారకుండా లేచి పిల్లని స్కూటర్ మీద దింపేదీ, గ్రిప్పు చెక్క దాని అరచేతికి అమరేదాకా గరుకుకాగితంతో రుద్దేదీ ఈయనే.

మొన్న పోటీ మధ్యలో, స్కూటర్ అడ్డంగా ఉందని మైకులో పిలిస్తే తీయడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ పది షాట్ల సిరీస్‌లో పిల్ల 97 కొట్టేసింది. అంత స్కోరు దానికి ఎప్పుడూ రాలేదు.

"మోచెయ్యి ఎలా పెట్టావమ్మా?"

"చూసుకోలేదు నాన్నా."

రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "ఏమోయ్, ఇన్నాళ్లూ చేతిని పట్టుకుని వేళ్లాడాం. అసలంతా పాదాల్లో ఉంది! కళ్లు మూసుకుని చెయ్యెత్తి, తెరిచి చూస్తే మచ్చ పక్కకుందనుకో, చెయ్యి జరపకూడదు, వెనక కాలు జరపాలి. రేపొచ్చేటప్పుడు సుద్దముక్కలు పట్రా. హాల్లో గీతలు గీస్తే ఊరుకోనంటోంది మీ అక్క. నీ మాటైతే వింటుంది."