మందుషాపు పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
చీటి లేదు గాని చిన్నగోళీ లిమ్ము
జ్వరము దగ్గు నొప్పి చలియు జలుబు
షీటు కోసి యిమ్ము చిల్లర యింతేను
మందుషాపులోని మంచి యన్న!

ప్రతిపదార్థం: మందుషాపులోని = మెడికల్ షాపు కౌంటరు వెనకాల నిలుచున్న; మంచి యన్న = ఓ మంచి అన్నా! (అతడికి ఇరవై, పిలిచే అవ్వకు అరవై అయినా ఇదే సంబోధన); చీటి = డాక్టరు రాసిన మందుల చీటి; లేదు గాని = లేకపోయినా (ఉంది గానీ నిరుటిదని కొందరు); జ్వరము, దగ్గు, నొప్పి, చలి, జలుబు = ఇంటిల్లిపాదివీ కలిపి; షీటు కోసి = కత్తెరతో రెండు పూటలకు సరిపడా కత్తిరించి; చిల్లర యింతేను = కొంగుముడిలో ఉన్నది ఇంతే.

పాఠాంతరం: కోస్తా ప్రతుల్లో "చిన్నబిళ్ళ లిమ్ము" అని ఉంది. జ్వరం తగ్గుతుంది గానీ గణం చెడుతుంది.

తాత్పర్యం: డాక్టరు దగ్గరికి పోతే ఫీజు, టెస్టులు, పైగా ఒకరోజు కూలీ పోతాయి. ఇక్కడ టోకెను లేదు. రాత్రి షట్టరు సగం దించాక కూడా వంగి అడగొచ్చు. "ఏమన్నా తిన్నవా? తిన్నాకే వేసుకో" అని చెప్పేవాడూ ఇక్కడే ఉన్నాడు.

విశేషాలు: సంబోధితుడు ఫార్మసిస్టేనా అన్నది వివాదాస్పదం. 1945 నాటి డ్రగ్స్ నియమాల ప్రకారం చీటీ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఆయన సర్టిఫికెట్టు గోడకు ఫ్రేములో వేలాడుతోంది గనుక, ఆయన సన్నిధి వాచ్యం కాదు, ధ్వని.

షీటు మీది ఎర్రగీతకు "చీటీ లేనిదే ఇవ్వరాదు" అని అర్థం. 2014 నుంచి హెచ్‌వన్ జాబితా మందులకు డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఇంత కథ ఉన్నా పద్యంలో ప్రస్తావన లేదు. ఇందులో కోర్సును నిర్ణయించేది చిల్లరే.

"షీటు కోసి" అన్నచోట అసంగత్యలంకారం. గోళీలు అవ్వ చేతిలో, వాటి గడువు తేదీ షాపులో మిగిలిన ముక్క మీద.

"మంచి" అన్నది యతి కోసం పడిన మాటేనని కొందరు పండితులు. మూడు రూపాయలు తగ్గితే "రేపియ్యి పెద్దమ్మా" అని పొట్లం చేతిలో పెట్టగా వాళ్లు చూసి ఉండరు.