మా ఊపిరితిత్తులు ఎప్పుడో పీపీపీలో ఉన్నాయి

అమరావతి నుంచి చల్లని కబురు వచ్చింది. పది కొత్త వైద్య కళాశాలలను పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య) పద్ధతిలో నడపాలని 2025 సెప్టెంబరు 4న మంత్రివర్గం తీర్మానించింది. ముందు వరసలో పులివెందుల, ఆదోని, మదనపల్లె, మార్కాపురం. దీన్ని ప్రైవేటీకరణ అనకూడదని ఆరోగ్యశాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ గట్టిగా చెబుతున్నారు. సొంతదారు సర్కారే, నడిపేది మాత్రం ప్రైవేటువారట. అమ్మకం కాదు, భాగస్వామ్యం.

ఇంతమాత్రానికి రాష్ట్రమంతా ఎందుకు గగ్గోలు పెడుతోందో కడప జిల్లా ఎర్రగుంట్లవాళ్లకు అర్థం కావడం లేదు. ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి నడిపే ప్రాజెక్టు మా దగ్గర ముప్పై ఏళ్లుగా ఉంది. టెండరు లేదు, శంకుస్థాపన లేదు. నేరుగా మా ఛాతీలోనే పెట్టారు.

ప్రభుత్వ వాటా కలమళ్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ) నుంచి వస్తుంది. జెన్‌కో వారిది. 1994 నుంచి బొగ్గు కాలుస్తోంది, ఇప్పుడు 1,650 మెగావాట్ల సామర్థ్యం. కరెంటు తీగలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. బూడిదకు తీగలతో పనిలేదు, గాలి ఎటు తిరిగితే అటు. ప్రైవేటు వాటా సిమెంటు ఫ్యాక్టరీలది. నాపరాళ్ల పాలిష్ మిషన్లవాళ్లు చిన్న పరిశ్రమల కోటాలో తలా పిడికెడు దుమ్ము వేస్తారు. మేం ఇచ్చింది స్థలం.

మనిషికి కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు ఉంటాయి. పెట్టుబడి ఎక్కువ పెట్టేవాడికి మూడు, ప్రభుత్వానికి రెండు అనుకుంటే పంపకంలో పేచీయే లేదు. సొంతదారు మాత్రం మనిషే. ఆధార్ కార్డు, చొక్కా, దగ్గు అన్నీ వాడి పేరు మీదే. నిర్వహణ ఒక్కటే భాగస్వాములది. ఎక్స్‌రే తీయించారంటే ప్రాజెక్టు పురోగతి నివేదిక చేతికొచ్చినట్టే.

ప్రొద్దుటూరు పోతే డాక్టర్లు అలవాటు కొద్దీ అడుగుతారు.

"ఏం పెద్దాయనా, రోజుకెన్ని బీడీలు?"

"బీడీ ముట్టిందే లేదు సార్. మాది ఎర్రగుంట్ల."

దీంట్లో జాతీయ ప్రయోజనం కూడా ఉంది. థర్మల్ కేంద్రాల బూడిదను నూటికి నూరు శాతం వాడకంలోకి తేవాల్సిందేనని 2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. సిమెంటుకు ఇంత, ఇటుకలకు ఇంత, రోడ్లకు ఇంత అని లెక్కలు రాస్తున్నారు. మేం వాడేది మాత్రం ఏ పద్దులోనూ లేదు. సెలవని లేదు, పండగని లేదు, నిద్రలో కూడా వాడుతున్నాం. కనీసం ఒక ప్రశంసాపత్రం?

బూడిదంటే చులకన అనుకునేరు. 2024 నవంబరులో ఈ బూడిద రవాణా కోసమే జమ్మలమడుగు ఎమ్మెల్యే ఆదినారాయణరెడ్డి వర్గం ఒకవైపు, తాడిపత్రి జేసీ ప్రభాకర్‌రెడ్డి వర్గం ఒకవైపు నిలబడితే లారీలు ఆగిపోయాయి, పోలీసులు దిగారు, పంచాయితీ ముఖ్యమంత్రి దాకా పోయింది. అంత గిరాకీ ఉన్న సరుకును మా ఇంటికి పైసా కిరాయి లేకుండా చేరవేస్తున్నారు. దాని కోసం మాత్రం ఏ నాయకుడూ రోడ్డెక్కలేదు. మా వాటా మాకే వదిలేశారు, పెద్దమనసు.

ఇక పన్నుల సంగతి. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి సిమెంటు మీద పన్నును 28 నుంచి 18 శాతానికి దించింది. అదే నెల 22 నుంచి అమలైంది. సంతోషమే కానీ, మా లోపల ఇప్పటికే చేరిన నిల్వ అంతా 28 శాతం కాలం నాటిది. ఆ తేడా మాకు వెనక్కి రావాలా వద్దా? వ్యాపారులకైతే పాత స్టాకు మీద సందేహాలు తీర్చే అధికారులుంటారు. దగ్గేవాడు ఏ కౌంటరు దగ్గర నిలబడాలో కూడా చెప్పాలి.

కళాశాలల తీర్మానం చేసిన మంత్రివర్గమే అందరికీ ఆరోగ్య బీమా అని ఇంకో కబురూ చెప్పింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు. రోగానికి కూడా సరిహద్దు రాయి పాతారన్నమాట.

కొత్త కళాశాలల ఆసుపత్రుల్లో 70 శాతం పడకలు ఉచితమని మంత్రులంటున్నారు. ఆ లెక్క మా ప్రాజెక్టుకూ సరిపోతుంది. గాలి పీల్చుకోవడం ఉచితం, వదలడానికే మార్కెట్ ధర. మందుల షాపులో ఆ ధర రాసిన పెట్టెను ఇన్‌హేలర్ అంటారు.

ఒప్పందం మాత్రం కాగితం మీద వద్దు, రాయి మీద చెక్కించండి. మాకు ఆ ఆనవాయితీ ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనం ఇదే మండలంలోని కలమళ్లది, సుమారు క్రీ.శ. 575 నాటిది, రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది. దాన్ని చెడగొట్టినవాడికి మహాపాతకం చుట్టుకుంటుందన్న షరతు చివర్లో పెట్టారు. పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత మన కన్సల్టెంట్లు రాసే పీపీపీ ఒప్పందాల్లో అంత గట్టి షరతు ఒక్కటి చూపించండి.

చూపించలేరు. ఎందుకంటే భాగస్వామ్యమని పేరు పెట్టిన ప్రతిచోటా లాభం ఒకరిది, రోగం ఇంకొకరిది. కరెంటు అమ్ముకోవడానికి ప్రభుత్వానికి భాగస్వామి అక్కర్లేదు, సొంతంగా చేతనవుతుంది. సున్నపురాయి మీద రాయల్టీ వసూలు చేయడమూ చేతనవుతుంది. గనులవల్ల దెబ్బతిన్న ఊళ్లకు నీళ్లు, వైద్యం చూడాలనే కదా 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టింది? పాత లీజుల వాళ్లు రాయల్టీకి తోడు అందులో 30 శాతం దానికి కడుతున్నారు. డబ్బు ఈ మట్టిలోంచే వస్తోంది. ఆసుపత్రి నడపాల్సి వచ్చేసరికి మాత్రం మా వల్ల కాదంటారు.

మీ ఆరోగ్యకార్డు మనిషి పడకెక్కాకే పనిచేస్తుంది. అంతకు ముందు పదేళ్లు వాడు దగ్గుతాడు. నెలనెలా మందు కొంటాడు, ఆసుపత్రికి పోయిన రోజల్లా కూలి పోగొట్టుకుంటాడు, పుస్తెలు తాకట్టు పెడతాడు. ప్రొద్దుటూరులో కాదంటే కడప రిమ్స్, అక్కడా కాదంటే తిరుపతి, వేలూరు. బస్సు చార్జీలకు ఏ ట్రస్టూ లేదు.

ప్రతిపక్షంవాళ్లు మరీ చొక్కాలు చించుకోనక్కర్లేదు. కొత్త ప్రభుత్వ కళాశాలల్లో సీట్లకు ధర కట్టింది వాళ్లే. 2023లో అధికారంలో ఉన్నప్పుడు 107, 108 జీవోలు తెచ్చి సగం సీట్లు అమ్మకానికి పెట్టారు. బి కేటగిరీ ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై అయితే 20 లక్షలు. ఆ జీవోలు రద్దు చేస్తామని చెప్పి ఓట్లడిగినవాళ్లు ఇప్పుడు అంగడినే వేరేవాళ్ల చేతిలో పెడుతున్నారు.

పులివెందుల మాకు గంట దారి. 2024లో జాతీయ వైద్య కమిషన్ అక్కడి కళాశాలలో 50 సీట్లకు అనుమతిస్తే, వసతులు లేవు, మాకొద్దని మన ప్రభుత్వమే ఉత్తరం రాసింది. వసతులు కల్పించాల్సింది ఎవరు? ఆ తర్వాతి ఏడాదిలో ఎన్ని గోడలు లేపారు, ఎంతమంది డాక్టర్లను వేశారు? ప్రైవేటువాడి కోసం దాన్ని అట్లే పెట్టి ఉంచారా? ముందు దానికి జవాబు చెప్పండి.