వడ్లకుప్ప మీది రిటెన్షన్ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

"క్లాసెన్‌ను ఇడిస్తె ఇరవై మూడు కోట్లొస్తయ్, గని క్లాసెన్ రాడు.
కమిన్స్ నడుం సంగతి కమిన్స్‌కే ఎర్కలేదు.
మనోడేమో మన దాంట్ల లేకపాయె."

అవతారిక

నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ, విజయవాడ రహదారి మీది కట్టంగూర్‌లో 2025 నవంబరు మొదటి పక్షాన పుట్టిన వాక్యమిది. కొనుగోలు కేంద్రంలో వానకాలం వడ్లు ఆరబోసి, మ్యాచర్ (తేమ) 17 శాతానికి దిగేదాకా రాత్రిళ్లు కుప్పల కాడ కావలి పండే పోరగాళ్లు దీనికి కర్తలు. ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదులుతారో ఐపీఎల్ జట్లు చెప్పాల్సిన గడువు ఆ నెల 15. సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆ ఏటి ఆటలో ఆరో స్థానంలో ఆగిపోయింది. ఆట నడిచినన్నాళ్లూ అభిమాని చూసేవాడే. ఆట ముగిశాక సెలెక్టరూ, కోచూ, ఖజానాదారూ అన్నీ వాడే.

ప్రతిపదార్థం

క్లాసెన్‌ను = 2025 మే 25న ఢిల్లీలో కోల్‌కతా మీద 37 బంతుల్లో నూరు కొట్టి, వారం దాటగానే జూన్‌లో అంతర్జాతీయ ఆటకు దండం పెట్టేసిన హెన్రిక్ క్లాసెన్‌ను; ఇడిస్తె = వేలానికి వదిలితే; ఇరవై మూడు కోట్లు = 2024 అక్టోబరులో ఆయనకు కట్టిన వెల; ఒస్తయ్ = తిరిగి సంచిలో పడతాయి; గని = అయినను (ఈ రెండక్షరాల కాడనే రాత్రి పదకొండయింది); క్లాసెన్ రాడు = అంతకు తక్కువకు దొరకడని ఒక వర్గం, పదిహేనుకే దొరుకుతాడని ఇంకో వర్గం; నడుం = కెప్టెన్ కమిన్స్‌కు 2025 సెప్టెంబరులో స్కానింగ్‌లో ఎముక మీద ఒత్తిడి బయటపడ్డ చోటు; మనోడు = వివాదాస్పదం, కింద చూడుడు.

కోట్లు + ఒస్తయ్ = కోట్లొస్తయ్, ఉకారసంధి. సంధిలో పోయింది ఉకారమొక్కటే. కోట్లు ఎక్కడికీ పోలేదు, చెన్నైలో జట్టు యజమానులైన సన్ టీవీ వారి దగ్గర భద్రంగా ఉన్నాయి.

తాత్పర్యం

డబ్బుందని మనిషి దొరకడు. ఉన్న మనిషి నిలబడతాడో లేదో తెలియదు. కావలసిన మనిషి పక్కింట్లో ఉన్నాడు.

విశేషాలు

పూర్వపక్షం. 2024లో 120 కోట్ల సంచిలో 75 కోట్లు అయిదుగురికే పోశారు: క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్, అభిషేక్ చెరి 14, నితీశ్ 6. మిగిలిన 45తో జెద్దా వేలానికి పోతే భువనేశ్వర్ బెంగళూరుకు, నటరాజన్ ఢిల్లీకి తలా 10.75 కోట్లకు వెళ్లిపోయారు. ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టిన జట్టు ఆరో స్థానంలో ఎందుకున్నట్టు? బంతి వేసేవాడు లేక. కాబట్టి క్లాసెన్‌ను వదిలి ఇద్దరు బౌలర్లను తేవాలి. ఈ వాదం చేసినవాడు లెక్కంతా వడ్ల మీదే వేలితో రాశాడు. 23 కింద గీత గీసేలోపే గింజలు జారి మూడు మాయమైంది. ఎదుటివాడు దాన్నే ప్రమాణంగా తీసుకుని "సూడు, ఇరవైకే అమ్మినవ్" అన్నాడు.

సిద్ధాంతం. వదలడంలో ఈ జట్టుకున్న చేయి మంచిది కాదు. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ను 2021లో సీజన్ నడుస్తుండగానే కెప్టెన్సీ నుంచి దించారు, తర్వాత పదకొండుమందిలోనూ ఉంచలేదు. ఆ ఏటి రిటెన్షన్‌లో రషీద్ ఖాన్‌ను వదులుకుని విలియమ్సన్‌ను 14 కోట్లకు, సమద్‌నూ ఉమ్రాన్ మాలిక్‌నూ చెరి నాలుగు కోట్లకు అట్టిపెట్టారు. రషీద్ చేరిన గుజరాత్ తొలి ఏడే, 2022లో, కప్పెత్తింది. మనం ఎనిమిదో స్థానం, మరుసటి ఏడు అట్టడుగు. క్లాసెన్‌ను ఉంచాలనే పోరగాడు బంతుల లెక్క ఒక్కటీ చెప్పలేదు. "వార్నర్‌కు చేసిన కాడికి చాలు" అన్నాడు, అంతే. వ్యాఖ్యాత మతమూ ఇదే. వేలంలో పైసలకు ఆటగాడు దొరుకుతాడు గానీ, ఉప్పల్‌లో ఆ పేరు వినగానే లేచే కేక దొరకదు.

రెండో పాదం మీద పెద్ద చర్చ లేదు, దిగులే ఉంది. 2023 డిసెంబరులో 20.50 కోట్లకు కమిన్స్‌ను కొన్నప్పుడు నవ్వినవాళ్లే, మరుసటి మేలో ఆయన ఫైనల్‌కు తీసుకుపోతే నోరు మూసుకున్నారు. (చెపాక్‌లో 113కు ఆలౌటైన ఆ రాత్రిని కుప్పల మీద ఎత్తరాదని కట్టుబాటు.) నడుం నయం కాకపోతే పగ్గాలెవరికి? అభిషేక్‌కు అంటే "ఇప్పుడిప్పుడే కొడ్తుండు, ఆని నెత్తిన బరువెందుకు" అని అడ్డం తగిలారు. హెడ్ అంటే ఎవరూ బదులు చెప్పలేదు.

మనోడు. విశాఖ నుంచి 20 లక్షలకు వచ్చి 6 కోట్లకు ఎదిగిన నితీశ్ కుమార్ రెడ్డి ఉండగా "మనోడు లేడు" అనడం ఎట్లా పొసగును? వక్త దృష్టిలో మనోడంటే నగరంలో పెరిగినవాడు. తిలక్ వర్మ అని కొందరి పాఠం. సిరాజ్ అన్న పాఠమే బలమైనది. 2017లో 2.6 కోట్లకు మన జట్టులోకే వచ్చి, ఏడాది తిరిగేసరికి బెంగళూరు పాలై, జెద్దాలో 12.25 కోట్లకు గుజరాత్ చేరినవాడు. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌కు వచ్చి 17 పరుగులిచ్చి మన వికెట్లు నాలుగు తీశాడు. చప్పట్లు కొట్టాలో, ఏడవాలో ఆ రాత్రి కట్టంగూర్‌కు తోచలేదు. స్థానికులు లేరని 2021లో ఎమ్మెల్యే దానం నాగేందర్ మ్యాచ్‌లే అడ్డుకుంటామన్నారు. మూడో పాదానికి అంత రాజకీయం లేదు. "లేకపాయె" అనేది నిట్టూర్పు, డిమాండు కాదు.

ఫలశ్రుతి

నవంబరు 15న జాబితా వచ్చింది. క్లాసెన్ ఉన్నాడు. కమిన్స్ ఉన్నాడు, నడుంతో సహా. కుప్పల మీద ఒక్క రాత్రీ ఎవరూ పేరెత్తని షమీ మాత్రం 10 కోట్లకు లక్నో పోయాడు. జాంపా, రాహుల్ చాహర్‌లను కూడా వదిలేశారు. బౌలర్లు చాలరని వాపోయిన జట్టులోంచి బౌలర్లే తగ్గారు. చేతిలో 25.50 కోట్లతో డిసెంబరు 16న అబుదాబీ పోయి, మొదటి పిలుపులో ఎవరూ అడగని లివింగ్‌స్టన్‌ను రెండోసారి పిలిచినప్పుడు 13 కోట్లకు కొన్నారు. ఆయనా ముందు బ్యాటరే. దీని మీద కూడా కట్టంగూర్‌లో ఒక మూలవాక్యం పుట్టింది గానీ, అది అచ్చుకెక్కే భాషలో లేదు.