పోయినవాళ్ల గురించి రాయించేవాళ్లకు తలకిందుల సలహాలు

హైదరాబాద్ శివారు నాగారంలో మనిషి పోతే ఆ వార్తను నాగారం విలేకరికి ఇవ్వకండి. ఆ మనిషి పుట్టిన ఊరి విలేకరికి ఇవ్వండి. ఈసీఐఎల్, చర్లపల్లి, నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల పని కోసం వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది వరంగల్ రోడ్డు పట్టుకుని వచ్చినవాళ్లే. ఆలేరు, మోత్కూరు, జనగామ వాళ్ల ఊళ్లు. 1989లో ‘ఈనాడు’ జిల్లా పేపర్లు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. దాంతో పల్లె వార్త పేపరుకెక్కింది గానీ జిల్లా దాటి పోవడం మానేసింది. ఇక్కడి మేడ్చల్ పేజీలో పడిన చావు కబురు ఆలేరులో ఎవరి కంటా పడదు. ఆయనతో బాయిల ఈత కొట్టినవాళ్లు, ఆమెతో నాట్లేసినవాళ్లు ఉన్నది అక్కడ. ఇక్కడి గల్లీవాళ్లకు ఇంటిముందు టెంటు చూస్తేనే తెలిసిపోతుంది.

పరామర్శకు వచ్చిన నాయకుల పేర్లు ఒక్కటి కూడా రాయించకండి. జిల్లా పేజీ తిరగేసి చూడండి, పోయినవాళ్లకు ఒక్క వాక్యం, పూలమాల వేసినవాళ్లకు మిగతా వార్తంతా. పేర్లు లేకపోతే పడదని విలేకరి అంటాడు. ఆయన్ని తప్పుపట్టను, ఊళ్లల్లో చాలామందికి నెలజీతం ఉండదు, అచ్చయిన లైన్లను బట్టి ఇచ్చే లైన్ అకౌంటే దిక్కు. పడకపోతే పోనీయండి. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించే డబ్బుతో ఒక పేజీ టైపు చేయించి, జిరాక్సులు తీయించి, దశదినకర్మ భోజనానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి. పేపరు మర్యాద లేని కాగితమని సిగ్గుపడొద్దు. 1922లో ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రిక నడిపారు. అదే ఏడు నల్లగొండ నుంచి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ తెచ్చారు. పట్నం పత్రికల్లో చోటు దొరికేదాకా ఆగాలని వాళ్లు అనుకోలేదు.

పుట్టిన తేదీ వద్దు. పాతతరంలో చాలామందికి సర్టిఫికెట్ మీదున్నది బడిలో సారు అందాజాగా వేసిన తేదీ. “రజాకార్ల గడబిడప్పుడు చంకలో ఉన్న” అని పోయినామె చెప్పుకుని ఉంటే ఆ మాటే అచ్చు వేయించండి. అందులో 1948 ఉంది, వాళ్లమ్మ ఉంది, పారిపోయిన దారి కూడా ఉంది.

‘మృదుస్వభావి’, ‘తీరని లోటు’ తీసేయండి. ఏ మిషన్ మీద పనిచేశారు, ఏ షిఫ్టు, తొలి జీతంతో ఏం కొన్నారు, ఏ తమ్ముడితో మాటలు మానేశారు, ఎందుకు మానేశారు, అవి రాయండి. కోపిష్టి అయితే కోపిష్టి అనే రాయండి. బంధువులు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీయండి. గౌరవం పేరుతో పని సంగతి వదిలేస్తే ఏమవుతుందో మన పక్కనే కనబడుతోంది. ఏఎస్ రావు నగర్ అని రోజూ అంటాం. ఆయన అయ్యగారి సాంబశివరావు అని, పశ్చిమగోదావరి మొగల్లులో పుట్టారని, 1967లో ఏర్పడిన ఈసీఐఎల్‌కు పునాది వేసి నడిపిన శాస్త్రవేత్త అని ఆ కాలనీ పిల్లల్లో ఎందరికి తెలుసు? అంత పెద్ద మనిషికే ఇట్లయితే నాచారం వెల్డరు సంగతి చెప్పేదేముంది.

ఇక నలుగురూ కాదనే సలహా. బతికుండగానే రాయండి. అపశకునం అంటారు, తిడతారు, అయినా పెద్దవాళ్ల పక్కన కూర్చుని అడగండి. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులు అందులో నిలబడ్డారు. బతికున్నవాళ్లను అప్పుడే అడిగి పద్యాలు తెప్పించుకోకపోతే ఎన్ని ఊళ్ల పేర్లు మాయమయ్యేవో! నాకు తెలిసి తెలుగులో స్మృతి కోసం జరిగిన గొప్ప పనుల్లో అదొకటి, చేసినవాడు ఒక పత్రికా సంపాదకుడు.

ఫోన్లో రికార్డు చేసి ఊరుకోకండి, ఆ రాత్రే కాగితం మీద దించండి. కింద ఊరి పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా అన్నీ వేయండి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి కాబట్టి, నల్లగొండ అని వెతికే మనవడికి యాదాద్రి భువనగిరి కాగితం దొరక్కపోవచ్చు. ఒక ప్రతి సొంతూరి బడికి పంపండి, ఒకటి బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి దాచిపెడతారేమో అడగండి. ఇంట్లో రెండు ఉంచండి, వేర్వేరు బీరువాల్లో.