మెంబర్లకు మాత్రమే

లింగంపల్లి స్టేషన్‌లో దిగి నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు వెళ్తే చాలు, రోమ్‌కు వేరే టికెట్ అక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీకో క్లబ్ హౌసు, దాని ముందు రెండంతస్తుల ఎత్తున స్తంభాలు, తలమీద ఆకుల నగిషీ. వేలితో తట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. బరువంతా లోపలి కాంక్రీటు పిల్లరు మోస్తుంది. ఈ తొడుగు పని ఫొటోలకు నిలబడడం వరకే.

ఈ క్లబ్బుల వంశానికి మూలపురుషుడు 1878లో తెల్లదొరలు పెట్టుకున్న సికింద్రాబాద్ క్లబ్బు. భవనం దొరలే కట్టుకున్నారనుకునేరు! నిజాం దివాను సాలార్‌జంగ్ తన వేట బంగళా ఇస్తే అందులో చేరారు. ఇచ్చినాయన తన కుటుంబీకులను కూడా మెంబర్లుగా చేర్చుకోమని అడగాల్సి వచ్చిందని చెబుతారు. ఇల్లిచ్చినవాడే గుమ్మం దగ్గర సిఫార్సు చేసుకోవాలన్నమాట. 2022 జనవరి 16న, సంక్రాంతి సెలవుల్లో, తెల్లవారకముందే ఆ పాత భవనం మంటల్లో పోయింది. గుమ్మం దగ్గరి పద్ధతి మాత్రం అంతకుముందే లింగంపల్లి చేరుకుని, ఫ్లాటుతో పాటు ఉచితంగా వస్తోంది.

ఇప్పుడు దొరల్లేరు, మనమే ఉన్నాం. పనమ్మాయి కాసేపు లాబీ సోఫాలో కూర్చుంటే వాట్సాప్ గ్రూపులో ఫొటో, కింద ‘ప్లీజ్ మెయింటైన్ డెకోరమ్’. ఆ సోఫా దులిపేది ఆవిడే. తాగునీళ్లకు ట్యాంకరు కోసం ఎదురుచూపులు, స్విమ్మింగ్‌పూల్ మాత్రం నిండుకుండ. ఒక్క వాన పడితే రైల్వే అండర్‌బ్రిడ్జి కింద మెంబరుకీ నాన్‌మెంబరుకీ ఒకటే లోతు. ఈ చుట్టుపక్కల సమానత్వం అమలయ్యే చోటు అదొక్కటే.

2014లో చెన్నై చేపాక్‌లోని క్రికెట్ క్లబ్బు, పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జినే లోపలికి రానివ్వలేదు. గొడవ అసెంబ్లీ దాకా వెళ్లింది. తమిళనాడు అదే ఏడాది చట్టం చేసి పంచెకు దారి ఇప్పించింది. జడ్జిగారి పంచె కాబట్టి చట్టం కదిలింది. చీపురు పట్టుకున్న మనిషికి అసోసియేషన్ బైలాయే సుప్రీంకోర్టు.

ప్రెసిడెంటుగారూ, ఒక విన్నపం. వచ్చే జనరల్ బాడీలో జకూజీ సంగతి ఎత్తకముందే, వాచ్‌మన్‌కు వీపు ఆనే కుర్చీ, పనివాళ్లకు నీళ్లొచ్చే బాత్‌రూము అజెండాలో పెట్టండి. కోరమ్ లేదని వాయిదా వేయకండి. తంబోలాకు వచ్చినవాళ్లలో సగం మంది వచ్చినా సరిపోతుంది.