మా బావగారూ, పాటలో జీరా

మా బావగారికి పాటలంటే ప్రాణమని చుట్టాలందరూ అనుకుంటారు. ఆయనకి ప్రాణం పాటలో వచ్చే జీర. జీర లేని పాటని ఆయన మొదటి చరణం దాటి వినలేరు. జీర ఉందా, ఇక ఆ ముక్కనే వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి తెల్లవార్లూ వింటారు. సుశీల గారి పాట వస్తున్నప్పుడు తల ఓ పక్కకి వాల్చి కళ్ళు మూసుకుంటారు. పాపం లీనమైపోయారు కదా అని మనం దగ్గు కూడా ఆపుకుని కూర్చుంటాం. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఆ వయొలిన్ల దగ్గర పగిలింది, గమనించావా?" అంటారు. మనం గమనించలేదు. గమనించలేదని చెబితే మళ్ళీ మొదట్నుంచీ పెడతారు. అందుకని ఆ ఇంటికి అల్లుళ్ళుగా వచ్చినవాళ్ళు, కోడళ్ళుగా వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే ఒక సంగతి నేర్చుకుంటారు: ఆయన అడిగితే "అవునండీ, పగిలింది" అనాలి.

ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. టెలిఫోన్ల శాఖలో లైన్ల మీద గరగర ఎక్కడ పుడుతోందో వెతికి పట్టుకునే పని. గవర్నమెంటు వారు జీతమిచ్చి మరీ ఆయన జబ్బుని పోషించారు. రిటైరయ్యాక ఆ భారం మా అక్క మీద పడింది.

సోనీ వాళ్ళు మొదటి వాక్‌మన్ తెచ్చింది 1979లో. మా గోదావరి జిల్లాల్లోకి అది కువైట్ మీదుగానో మస్కట్ మీదుగానో, సెంటు సీసాలతోనూ గళ్ళ దుప్పట్లతోనూ కలిసి వచ్చింది. పక్కింటివాళ్ళబ్బాయి తెచ్చుకున్నదాన్ని బావగారు "ఓసారి విని ఇస్తా" అని పట్టుకెళ్ళి, వినకుండానే విప్పారు. టేపుని చదివే హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు టేపుకి సరిగ్గా నిలువుగా ఉందా లేదా అన్నది దాని చేతిలో ఉంటుంది. వెంట్రుకవాసి వాలినా తాళాల గలగలా, సన్నని అక్షరాలూ చచ్చిపోతాయి. పాట కంబళి కప్పుకుని పాడుతుంది. టేపు నడిచేది సెకనుకి 4.76 సెంటీమీటర్లే కాబట్టి ఆ కాస్త వాలూ కాస్త కాదు. బావగారు స్క్రూ తిప్పి, ఒక కేసెట్‌ని అద్భుతంగా పాడించారు. వచ్చిన చిక్కల్లా, ఆ రోజుల్లో కేసెట్లన్నీ చిట్టీ రాసిచ్చి బజార్లో రికార్డింగు చేయించుకున్నవి. ఒక్కో షాపులో హెడ్డుది ఒక్కో వాలు. బావగారు బాగుచేశాక పక్కింటివాళ్ళ వాక్‌మన్ ఆ ఒక్క కేసెట్‌నీ దివ్యంగా పాడేది, మిగతావన్నీ గొణిగేది. వాళ్ళు చాలాకాలం ఆ కేసెట్టే విన్నారు. అది హరికథ.

బ్యాటరీల సంగతి సరేసరి. బలం తగ్గేకొద్దీ మోటారు నెమ్మదించి, శ్రుతి దిగజారి, జానకి గారి గొంతు మెల్లగా మగగొంతులోకి మారేది. అందరం బ్యాటరీలు తీసి పిట్టగోడ మీద ఎండబెట్టేవాళ్ళం. బావగారు మాత్రం ఎంత దిగిందో హార్మోనియం పక్కన పెట్టుకుని కొలిచి, "అరమెట్టు" అని తృప్తిగా చెప్పేవారు. కొత్త బ్యాటరీలు కొనమని అక్క అంటే, ఆయన ముఖంలో కనిపించిన నిరాశ నేను చూశాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా అమ్మ గొంతు రికార్డైన కేసెట్ ఒక్కటే ఉంది. ఎవరి పెళ్ళిలోనో మంగళహారతి పాడింది. ఏళ్ళు గడిచేసరికి అందులో అమ్మ ఉందో లేదో తెలియనంత మసక. బావగారు స్పిరిట్‌లో దూది ముంచి హెడ్డు తుడిచి, రబ్బరు చక్రం తుడిచి, స్క్రూని రవ్వంత అటూ రవ్వంత ఇటూ తిప్పుతూ పొద్దుపోయేదాకా కూర్చున్నారు. ఉన్నట్టుండి అమ్మ గొంతు గదిలోకి వచ్చేసింది. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాననే చెప్పుకోవాలి. బావగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "వెనకాల ఫ్యాను హమ్ముంది, యాభై సైకిళ్ళది. తీసెయ్యనా?" అన్నారు. "దాన్ని ముట్టుకున్నారంటే బాగోదు" అంది అక్క.

సీడీలూ మెమరీ కార్డులూ వచ్చినప్పుడు ఆయనకి బెంగపట్టుకుంది. టేపు లేదు, హెడ్డు లేదు, అరిగేది లేదు. ఇక జీర ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ దేవుడున్నాడు. ఎమ్‌పీత్రీని పంపించాడు.

బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపుల్లో కార్డు ఇస్తే వెయ్యి పాటలు ఎక్కించి ఇచ్చేవారు గుర్తుందా? సీడీలో పాట సెకనుకి 1,411 కిలోబిట్ల చొప్పున పారుతుంది. షాపువాడి కార్డులో పాట 128. అంటే పదకొండో వంతు. మిగతాదంతా మనిషి చెవి ఎలాగూ పట్టదులే అని లెక్కవేసి తీసేస్తారు. "నా చెవి పట్టదని వాళ్ళెవరోయ్ నిర్ణయించడానికి?" అని బావగారు నన్ను నిలదీశారు, ఆ లెక్క నేనే వేసినట్టు. అప్పట్నుంచీ ఎవరి ఫోన్లో పాట వినపడినా ఆగి, "తాళాలు నీళ్ళలోంచి మోగుతున్నాయి, నూట ఇరవై ఎనిమిదే!" అని నిర్ధారించి ముందుకి కదులుతారు. ఒకసారి మా తోడల్లుడు గర్వంగా "నావన్నీ 320 అన్నయ్యా" అన్నాడు. అవి 128వాటినే మళ్ళీ 320కి మార్చినవని బావగారు రెండు పాటల్లో తేల్చారు. నీళ్ళు కలిపిన పాలని పెద్ద గిన్నెలో పోస్తే చిక్కబడతాయా అని అడిగారు. తోడల్లుడు ఆ సంక్రాంతికి మళ్ళీ రాలేదు.

అక్కకి కొనిచ్చిన చిన్న ప్లేయరు కథ వేరు. దాని తెర మీద తెలుగు పేర్లు రావు, వరసగా డబ్బాలొస్తాయి. అక్క డబ్బాలు లెక్కపెట్టి పాట గుర్తుపట్టడం నేర్చుకుంది. పైగా అలాంటి చవకరకం ప్లేయర్లు పాటల్ని అక్షరక్రమంలో పెట్టవు; కార్డులోకి ఏది ముందు ఎక్కిందో అదే ముందు పాడతాయి. షాపు కుర్రాడు తన ఇష్టప్రకారం ఎక్కించాడు. పూజలో సుప్రభాతం అయిపోగానే క్లబ్బు డాన్సు పాట వచ్చేది. కార్డంతా ఖాళీచేసి వరస ప్రకారం మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. ఆ సంగతి బావగారికి మొదటి రోజే తెలుసు. "కారణం తెలిసిపోయింది కదా" అని ఊరుకున్నారు. ఇదే ఆయనతో వచ్చిన చిక్కు. లోపం దొరికేదాకా నిద్రపోరు, దొరికాక బాగుచెయ్యరు. మా అక్క ఇప్పటికీ గంట ఎడమచేత్తో వాయిస్తుంది, కుడిచేత్తో పాట మార్చాలి కాబట్టి.

ఆ ప్లేయరుతోనే ఆయన జీవితంలో మహోజ్జ్వల ఘట్టం కూడా జరిగింది. అక్క పాత ఇయర్‌ఫోన్లు తెగిపోతే తిరనాళ్ళలో కొత్తవి కొంది. పెట్టుకుని వింటే ఘంటసాల గారు లేరు! ఎక్కడో పాతాళంలోంచి సన్నగా ఏదో. పాట మారిస్తే బాలు గారి పాట వచ్చింది గానీ అందులో బాలు గారు లేరు. తబలాలూ వయొలిన్లూ చక్కగా ఉన్నాయి, గొంతు ఉండాల్సిన చోట గొయ్యి. షాపువాడు గొంతులు తీసేసిన పాటలు ఎక్కించాడంది ఎదురింటావిడ. దిష్టి అంది మా పెద్దమ్మ. బావగారు ఒక చెవిలో పెట్టుకుని, తీసి, పిన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు పిల్ల పెళ్ళికి కూడా నవ్వలేదు.

మామూలు పిన్నుకి మూడు వరసలుంటాయి: ఎడమ, కుడి, ఇద్దరికీ ఉమ్మడిగా తిరుగుదారి. ఫోన్ల ఇయర్‌ఫోన్లకి మైకు కోసం నాలుగో వరస ఉంటుంది. ఈ ప్లేయరు సాకెట్టు తిరుగుదారి అనుకుని ఆ మైకు వరసని పట్టుకుంది. ఉమ్మడి దారి తెగిపోతే కుడీ ఎడమా ఒకదాంట్లోంచి ఒకటి తీసివేతైపోతాయి. గాయకుడి గొంతు రెండువైపులా సమానంగా ఉంటుంది కనుక సున్నా. పక్కలకి సర్దిన వాయిద్యాలు మిగులుతాయి. 1957 నాటి మాయాబజార్ కాలం పాటలో కుడి ఎడమలే లేవు, అంతా మోనో. కాబట్టి పాటకి పాటే సున్నా. "దిష్టి కాదు, తీసివేత" అని పెద్దమ్మకి కాయితం మీద వేసి చూపించారు. మైకు మీదున్న మీట నొక్కిపట్టుకుంటే ఆ వరస తిరుగుదారికి కలుస్తుంది. నొక్కారు. ఘంటసాల గారు వచ్చారు. వదిలారు, వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమంతా ఘంటసాల గారిని పిలవడం, పంపడం.

మంచి ఇయర్‌ఫోన్లు కొనిచ్చారా అంటే, లేదు. కారణం తెలిసిపోయింది కదా. అక్క చాలా రోజులు మీట మీద బొటనవేలు పెట్టుకుని పాటలు వింది. చివరికి నేనే కొనిచ్చాను. "ఎందుకోయ్ డబ్బు దండగ, అది పనిచేస్తోందిగా" అన్నారు.

ఆయన కొడుకు జర్మనీలో ఉంటాడు. అక్కణ్ణుంచి మంచి ప్లేయరు ఒకటి పంపాడు. అది పెద్దగా పాడదు. యూరప్‌లో 2013 నుంచి రూలు: మామూలుగా 85 డెసిబెల్స్ దగ్గర ఆగాలి, పెంచుకుంటానంటే హెచ్చరించి 100 దాకా రానివ్వాలి, ప్రతి ఇరవై గంటల వినికిడికీ మళ్ళీ హెచ్చరించాలి. "వీళ్ళెవరయ్యా నా చెవులకి సంరక్షకులు" అని బావగారు జర్మన్లని తిట్టుకుంటున్న వేళ, ధనుర్మాసం కావడంతో రామాలయం మీది హారన్లు తెల్లవారుజామునే తిరుప్పావై అందుకున్నాయి. డెసిబెల్స్ ఎన్నో అడిగేవాడు లేడు. ఆయన దుప్పటి కప్పుకుని గుడికి వెళ్ళారు. సౌండు తగ్గించమనడానికని మేమంతా సంతోషించాం. మైక్‌సెట్ కుర్రాణ్ణి లేపి, "ఇక్కడ గెయిను ఎక్కువైంది, నెత్తి తెగుతోంది. దీన్ని దించి, అక్కడ పెంచు" అని చెప్పి వచ్చారు. మర్నాటి నుంచి గోదాదేవి మరింత స్పష్టంగా మమ్మల్ని నిద్రలేపింది.

నెత్తి తెగడమంటే ఆయన భాషలో క్లిప్పింగు. మేనల్లుళ్ళకి ఇదే పాఠం. వాళ్ళు ఈక్వలైజర్‌లో బేస్ 6 డెసిబెల్స్ పెంచుతారు. 6 అంటే అల ఎత్తు రెట్టింపు. కానీ పదహారు బిట్ల లెక్కలో 32,767 పైన అంకె లేదు, కొత్త పాటలు ఎలాగూ ఆ కప్పుని ఆనుకునే తయారవుతున్నాయి. రెట్టింపు చేస్తే ఎక్కడికి వెళ్తుంది? నెత్తి తెగి చదునవుతుంది, మనకి బుర్రున వినిపిస్తుంది. బేస్ ఎంత పెంచితే మొత్తం అంత దించమంటారు. దించితే సౌండు తక్కువైందని పిల్లలు గోల. "తక్కువ కాదురా, మర్యాద" అంటారు. నిజం చెప్పాలంటే పెళ్ళిళ్ళలో డీజే దగ్గర నాకూ ఇప్పుడు పాట వినపడటం మానేసి నెత్తులు తెగడమే వినిపిస్తోంది. ఇది అంటుజాడ్యం.

నిరుడు వానాకాలం నుంచీ ఒక్కటే పాట: "ఎడమవైపు తక్కువ పలుకుతోంది." ఎవరైనా ఆ ఫిర్యాదుతో వెళ్తే ఆయన దగ్గర రెండు మందులుంటాయి. ముందు ఇయర్‌ఫోన్ జల్లెడ మీది గుబిలి సూదిమొనతో తీస్తారు, "ఛీ, ఏం మనుషులర్రా" అంటూ. అప్పటికీ తగ్గకపోతే కుడిది ఎడమకీ ఎడమది కుడికీ మార్చి పెట్టుకోమంటారు. లోపం ఇటు మారితే ఇయర్‌ఫోన్‌ది, మారకపోతే చెవిది. తన విషయంలో మాత్రం మార్చనన్నారు. సౌండు ఇంజినీరు వయొలిన్లని ఎడమ పెట్టాడంటే ఓ ఆలోచన ఉండే పెట్టాడు, దాన్ని కుడిచెవితో వినడం అపచారమట. దాంతో ప్లేయర్లో బ్యాలెన్సు ఎడమకి జరిపారు. చాలలేదు. ట్రెబుల్ పెంచారు. మాలో ఎవరు పెట్టుకున్నా ఎడమచెవి గింగురుమనేది. "మీకు మంచి సౌండు అలవాటు తప్పింది" అన్నారు.

పక్కగదిలో కుక్కరు కూతలేసి వేసి మాడిపోయినా ఆయన కుర్చీలోంచి కదలని రోజున, అక్క లాక్కెళ్ళి వినికిడి పరీక్షకి కూర్చోబెట్టింది. తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఎర్రది కుడికీ నీలంది ఎడమకీ వచ్చేలా హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. కాసేపు నొక్కి, హెడ్‌ఫోన్లు తీసి ఆమె చేతికిచ్చారు.

"అమ్మాయ్, నీ నీలం వైపు పోయింది. ఎన్నాళ్ళైంది చూపించి?"

ఆ పిల్ల తడుముకోలేదు. "మార్చి పెట్టుకోండి అంకుల్" అంది.

స్వయంగా తాను చెప్పే మందు. కాదనలేరు. మార్చి పెట్టుకున్నారు. లోపం ఎడమచెవిలోనే ఉండిపోయింది. ఆయన చాలాసేపు నా వైపు చూడలేదు.

దీపం వేసి చూసి చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు గారు ఎడమచెవిలోంచి తీసిన గుబిలిని చూసి అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. రోజంతా ఇయర్‌ఫోన్లు కుక్కితే గుబిలి బయటికి రాదు, లోపలికే దట్టించుకుపోతుందన్నారు డాక్టరు గారు. బావగారు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. బండి ఇంజను శబ్దం విని మాత్రం రెండుసార్లు ఉలిక్కిపడ్డారు.

నేను ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నానో లేదో ఫోను.

"ఏమోయ్, జర్మనీ ప్లేయరు కూడా పాడైపోయింది. ఎడమవైపు నెత్తి తెగిపోతోంది, ట్రెబుల్ పొడుస్తోంది. మధ్యాహ్నం దాకా బానే ఉంది. నువ్వోసారి వచ్చి విని చెప్పు."

వెనకనుంచి అక్క గొంతు వినపడింది. "వాడికెందుకండీ శ్రమ, ఆ పెంచినవన్నీ మీరే దించుకోకూడదూ?"

"ఉండవే, కారణం తెలియాలిగా!"