సెక్రటరీ సాబ్ ఖండన

ఉప్పల్ స్టేడియం పక్కనే ఉన్నందుకు నాచారం వాళ్లకు దక్కినవి రెండు: మ్యాచ్ నాడు హబ్సిగూడ దాకా ట్రాఫిక్ జామ్, ఏడాది పొడవునా సెక్రటరీ సాబ్. ఈయన ఒక్కరు కారు, సందుకొకరు ఉంటారు. చేతిలో ఓ క్రికెట్ క్లబ్బు, దానికి హైదరాబాద్ క్రికెట్ సంఘంలో ఓ ఓటు. క్లబ్బులో ఆటగాళ్లు ఉండొచ్చు, లేకపోవచ్చు. ఓటు మాత్రం పక్కా. తీరిక వేళల్లో మా అపార్ట్‌మెంట్ సంఘానికీ ఈయనే సెక్రటరీ.

ఏ వార్తనైనా ముందు ఖండించి తర్వాత చదవడం సాబ్ అలవాటు. 2022 సెప్టెంబరులో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానంలో తొక్కిసలాట జరిగి జనం ఆస్పత్రి పాలయ్యారు. "మన తప్పేం లేదు. టికెట్లు అమ్మింది పేటీఎం" అని చాయ్ హోటల్లో తేల్చేశారు. క్రికెట్ సంఘం అప్పటి అధ్యక్షుడు అజారుద్దీన్ టీవీలో ఇంచుమించు అదే ధోరణిలో మాట్లాడేసరికి, సాబ్ కాలర్ సర్దుకుని ఇంకో చాయ్ చెప్పారు.

2024 ఏప్రిల్‌లో చెన్నైతో ఐపీఎల్ మ్యాచ్‌కు ముందురోజు, కోటిన్నరకు పైగా బకాయి ఉందని విద్యుత్ సంస్థ స్టేడియానికి కరెంటు తీసేసింది. "పాత కమిటీల బాకీ" అన్నారు సాబ్. ఆ మాట ఆయనకెంత నచ్చిందంటే, అదే ఎండాకాలం మా బోరు మోటరు కాలిపోతే నోటీసు బోర్డు మీద ఇది వెలిసింది: "నీటి సరఫరాపై కొందరు పనిగట్టుకుని చేస్తున్న ప్రచారాన్ని ఖండిస్తున్నాం. సదరు మోటరు గత కమిటీ హయాంలో కొన్నది. విచారణకు త్రిసభ్య కమిటీ వేశాం." మూడో అంతస్తు అక్క బిందె చంకన పెట్టుకునే అంతా చదివి, "అన్నా, ఈ ముగ్గురు నీళ్లు మోస్తరా?" అని అడిగింది.

"పరిశీలనలో ఉందమ్మా" అన్నారు సాబ్.

ఆయన్ని నిజంగా ఇబ్బంది పెట్టింది ఒక్క జస్టిస్ లావు నాగేశ్వరరావే. 2023లో సుప్రీంకోర్టు ఆయనకు క్రికెట్ సంఘం బాధ్యత అప్పగిస్తే, ఒకే కుటుంబం గుప్పిట్లో ఎన్ని క్లబ్బులున్నాయో లెక్క తీయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా "మా బామ్మర్ది క్లబ్బు" అంటూ వచ్చిన సాబ్, "ఏ బామ్మర్ది?" అనడం మొదలుపెట్టారు.

2025 మార్చిలో సాబ్‌కు మళ్లీ కళ వచ్చింది. ఉచిత పాసుల కోసం సంఘం వాళ్లు వేధిస్తున్నారని, స్టేడియంలో ఓ బాక్సుకు తాళం వేశారని మన ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ రాసిన లేఖ బయటపడింది. ఒప్పందం ప్రకారం 3,900 పాసులు ఇస్తూనే ఉన్నామన్నది వాళ్ల గోడు. (వాటిలో ఒక్కటీ మా గేటు దాటి రాలేదు.) అలాంటి మెయిలేదీ తమకు అందలేదని సంఘం అంది. రోజుల వ్యవధిలోనే ఇద్దరూ కూర్చుని గొడవ సద్దుమణిగిందని ప్రకటించారు.

"రాని ఉత్తరంలో గొడవ ఎట్ల తీరింది సాబ్?"

"గదే కమ్యూనికేషన్ అంటే."

ఈ విద్యలో విదేశాల వాళ్లంటే సాబ్‌కు జాలి. 2018లో కేప్‌టౌన్‌లో బంతిని గరుకు కాగితంతో రుద్దారని తేలినప్పుడు, ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ స్మిత్ ఆ సాయంత్రమే విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. అతనికీ, మన ఉప్పల్ ముద్దుబిడ్డ వార్నర్‌కీ ఏడాది నిషేధం పడింది. "పోరడికి అడ్మినిస్ట్రేషన్ తెల్వదు. ఓ వారం ఆగితే కమిటీ పడేది. కమిటీ పడితే రిపోర్టు లేటయ్యేది. అంతల ఇంకో సిరీస్ వచ్చేది!"

2025 జులైలో సంఘం అధ్యక్షుడు జగన్మోహన్‌రావును సీఐడీ అరెస్టు చేసింది. ఆరోపణల సంగతి కోర్టు తేల్చాలి. సాబ్ ఇంట్లో మాత్రం ఆ సాయంత్రానికే తేలిపోయింది. హాల్లో అధ్యక్షుడితో శాలువా కప్పించుకున్న ఫొటో మాయమై, గోడ మీద మేకు మిగిలింది.

"ఫొటో ఏది సాబ్?"

"ఏ ఫొటో?"

మేకు పీకేద్దామని వాళ్లబ్బాయి సుత్తి తెస్తే, సాబ్ కసిరారు: "ఉండనీయ్ రా, మళ్ల ఎలక్షన్లు రావా?"